కూర్మారావు మావయ్య సాక్షులు

కూర్మారావు మావయ్య ఫోర్‌మన్‌గా ఉన్న కాంట్రాక్టు కంపెనీ, ఆయన ప్రావిడెంట్ ఫండును మూడేళ్లపాటు ఇంకో కూర్మారావు ఖాతాలో జమ చేసింది. శ్రీకూర్మం చుట్టుపక్కల నుంచి జంషెడ్‌పూర్ వచ్చినవాళ్లలో ఇంటికో కూర్మారావు ఉంటాడు. ఈ ఇద్దరికీ ఇంటిపేరు, తండ్రి పేరు కూడా ఒకటే. సంగతి తెలిసి మావయ్య అర్జీ ఇస్తే, గుమాస్తా సీతారామరావు దాన్ని ఎక్కడో పారేసి, "నువ్విచ్చినట్టు సాక్షి ఎవరయ్యా?" అన్నాడు. ఆ రోజునుంచి మావయ్య సాక్షి లేకుండా టీ కూడా తాగలేదు.

జంషెడ్‌పూర్‌లో బర్మామైన్స్ పేటలో ఆయనది మా పక్క వాటా. చేపలు కొనాలంటే వెంట ఎదురింటి తవిటయ్య ఉండాల్సిందే.

"మొప్పలు ఎర్రగున్నాయి. సూసినావు గదా?"

"సూసినాను."

"రేపు కాదనవు గదా?"

"సేప రేపటిదాకా ఉంటాదేటి, మావా?"

ఓసారి కూర బాగుందని చెప్పబోతూ, ముందుగా మా అమ్మను కేకేశాడు. ఆయన భార్య గౌరీదేవి గరిటె కింద పెట్టింది. "నన్నీయనకిచ్చి పెళ్లి సేసిన్నాడు ఊరు ఊరంతా సాచ్చికమే. ఒక్కడైనా ఆపినాడా?"

ఎక్కువసార్లు సాక్షిని నేనే. అప్పటికి నాకు ఉద్యోగం లేదు. స్కూలు మానేశాక లైబ్రరీలో కూర్చుని చదివిన పుస్తకాల వల్ల లోకం మీద కోపం మాత్రం పుష్కలంగా ఉండేది. సాక్ష్యానికి రెండు సమోసాలు ఇచ్చేవాడు. అంతకు మించిన ఆదాయం నాకు లేదు.

డెబ్బై తొమ్మిదిలో కంపెనీ చివరికి తప్పు దిద్ది, ఫండు లెక్క కొత్తగా ఇచ్చింది. ఫండులో దాచుకున్నదానికి ఆదాయపు పన్నులో తగ్గింపు ఉంటుంది. ఖాతాలో ఫండే కనబడనందువల్ల మావయ్యకు ఆ తగ్గింపు దక్కలేదు. మూడేళ్లూ ఎక్కువ పన్ను కట్టాడు. ఇప్పుడు సరైన అంకెలతో రిటర్నులు మళ్లీ వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. సిద్ధగోరాలో ఆయన మొదలెట్టి, గోడల దాకా వచ్చి ఆగిపోయిన ఇంటికి స్లాబు పడుతుంది.

రిటర్నులు నేనే రాశాను. పాత అంకె, పక్కన కొత్త అంకె, కింద కారణం. కారణం దగ్గర సీతారామరావు పేరు కసిదీరా పెద్దక్షరాలతో రాశాను. ఆ వేసవిలోనే అతను రిటైరవుతున్నాడు. పోయేముందు తగలాల్సింది తగలాలనుకున్నాను.

మావయ్య చూసి, "ఆడి పేరు కొట్టీ," అన్నాడు.

"క్యోఁ మావయ్యా?"

"కొట్టీమన్నాను గదరా."

మూడు కాగితాల మీదా కొట్టేశాను. కొట్టేసినట్టు తవిటయ్య సాక్షి.

బిష్టుపూర్‌లో పన్నుల ఆఫీసరు నన్ను ఎగాదిగా చూశాడు. "యే కౌన్ హై?"

"గవా హై సాబ్," అన్నాడు మావయ్య.

రిటర్నుకు సాక్షి అక్కర్లేదని ఆఫీసరు హిందీలో నచ్చజెప్పాడు. "ఉండనీయండి సాబ్. ఇక్కడేమీ తినడు," అని మావయ్య హిందీలోనే బదులిచ్చాడు.

ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. "రెండేళ్లవి తీసుకుంటాను. మొదటి ఏడాదికి గడువు దాటిపోయింది. కంపెనీ గుమాస్తా చేసిన తప్పయితే అతని పేరు రాసివ్వు. కంపెనీని సంజాయిషీ అడిగి, మొదటి ఏడాదిది కూడా పైకి పంపుతాను. నీ తప్పయితే మాత్రం ఆ ఏడాది డబ్బు పోయినట్టే. ఎవరు చేశారు?"

నేను నోరు తెరిచాను. మావయ్య ఇనుప ముక్కు బూటు నా పాదం మీద దిగింది.

"నాదే సాబ్. ఖాతా నంబరు నేనే తప్పు చెప్పాను."

ఆఫీసరుకు నవ్వొచ్చింది. "దీనికి సాక్షి ఉన్నాడా?"

"వీడే."

కాలు నొప్పితో తలూపాను. అన్నేళ్లలో ఆయన నాచేత చెప్పించిన దొంగ సాక్ష్యం అదొక్కటే.

బయటికొచ్చాక దారంతా అరిచాను. "ఆడు మీ అర్జీ పారేశాడు. పదిమందిలో మిమ్మల్ని అబద్ధాలకోరన్నాడు. ఆడి తప్పు మీరు నెత్తినేసుకున్నారు." ఆయన సమోసాలు కొనిచ్చాడు. ఆ రోజు నాలుగు.

రెండేళ్ల డబ్బే వచ్చింది. ముందుగదికి స్లాబు పడింది, వంటగదికి రేకులు వేశారు. సీతారామరావు పూలదండ వేయించుకుని, రావలసినదంతా పుచ్చుకుని రిటైరయ్యాడు.

తర్వాత నాకు రూర్కెలాలో పని దొరికింది. వెళ్లేముందు సిద్ధగోరా వెళ్లాను. ఇంట్లో ఆయనొక్కడే ఉన్నాడు. సీతారామరావు పేరు ఎందుకు దాచారని అప్పుడడిగాను.

"సంజాయిషీ అడిగితే ఆడి గ్రాట్యుటీ ఆపేద్దురురా," అన్నాడు. "ముసిలోడు ఎక్కడికెల్తాడు? తప్పు సేసినట్టు ఆడికి తెలుసు. నాకూ తెలుసు. ఇంకో సాచ్చికం ఏటికి?"

లేచి గుమ్మం దాకా వెళ్లి, వీధి అటూ ఇటూ చూసి వచ్చి, గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు నానన్నది ఎవుడూ ఇన్నేదు గదా?"