రాజనర్సు బిగించిన దీపాలు

రాజనర్సు సముద్రాన్ని మొదటిసారి చూసింది విమానం కిటికీలోంచి. చెరువనుకున్నాడు.

"గింత పెద్ద చెరువు కింద ఎన్నెకరాలు పారుతుండొచ్చో అని లెక్కేసిన పెద్దమ్మా" అని చెప్పినప్పుడు నేను చపాతీ పిండి కలుపుతున్నాను. నవ్వాపుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకుంటే మొహమంతా పిండి అయింది.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. నాది నర్సాపురం. పేరు దానమ్మ. బహ్రెయిన్‌లో బుదైయా అనే చోట అబూ ఖలీల్ ఇంట్లో నేను వంటమనిషిని. అదే ఇంటి తోటకి నీళ్లు పెట్టడానికని రాజనర్సు రెండువేల సంవత్సరంలో వచ్చాడు. ఊళ్లో బావుల దగ్గర మోటార్లకు వైర్లు కలిపేవాడు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మా కఫీల్, అంటే మమ్మల్ని వీసా మీద తెప్పించుకున్న యజమాని అబూ ఖలీల్, అతన్ని తోటలో నిలవనివ్వలేదు. ఫ్యాను తిరగకపోతే రాజా, నల్లా కారితే రాజా. ఆఖరికి పడవ మీదకి మనిషి తక్కువైతే కూడా రాజా.

ఆ పడవ అబూ ఖలీల్ తాత ముత్యాల వేటకి వెళ్లిన పడవ. చెక్కది, తెరచాపది, ఇంజను లేదు. దాన్ని నడిపే పెద్దని అక్కడ నాఖుదా అంటారు. మా నాఖుదా పేరు జుమా. డెబ్బై అయిదేళ్లు, పళ్లు నాలుగు, కోపం మాత్రం ముప్పయిరెండు పళ్లకి సరిపడా.

మొదటి రోజు రాజనర్సు తువ్వాలుతో తెరచాప స్తంభానికి కట్టేసుకున్నాడు. నాఖుదా వచ్చి ముడి విప్పి, "పడవ మునిగితే దాంతోపాటే పోవాలనా?" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ కట్టుకోలేదు. భయం పోయిందని కాదు, ముడి వేసుకుంటే తిడతాడని.

అలా నాలుగేళ్లయింది. అతను వచ్చేనాటికి భార్య గౌరవ్వ కడుపుతో ఉంది. ఆడపిల్ల పుట్టింది, కళ అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్లను అతను ఫొటోలో తప్ప చూడలేదు. ఫొటోని ప్లాస్టిక్ కవరులో పెట్టి, చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. సెలవు అడిగిన ప్రతిసారీ అబూ ఖలీల్ "బుక్రా" అనేవాడు. రేపు అని. పాస్‌పోర్టు ఆయన బీరువాలో, తాళం ఆయన జేబులో. మనిషి చెడ్డవాడు కాదు. తనకి ఇబ్బంది లేనంతవరకూ అందరికీ మంచి జరగాలని కోరుకునే రకం.

రెండువేల నాలుగులో ఆయనకి కొత్త సరదా పుట్టింది. చుట్టాల్ని, స్నేహితుల్ని సాయంత్రాలు పడవెక్కించి తిప్పాలని. సముద్రపు కాపలావాళ్ల ఆఫీసరు ఒకాయన ఇంటికొచ్చి, పొద్దు వాలాక తిరగాలంటే పడవకి దీపాలుండాలని చెప్పాడు. ఎడమవైపు ఎర్రది, కుడివైపు పచ్చది. దూరం నుంచి ఏ రంగు కనిపిస్తే దాన్నిబట్టి పడవ ఎటు పోతోందో ఎదుటివాళ్లకి తెలుస్తుందట. టీ ఇస్తూ నేనూ విన్నాను.

ఆఫీసరు వెళ్లగానే కఫీల్ రాజనర్సుని పిలిచాడు. మేం అక్కడ మాట్లాడేది సగం అరబీ, సగం హిందీ. నేను తెలుగులోనే చెబుతాను.

"రాజా, నువ్వు దీపాలు బిగించు. తనిఖీలో పాసైతే పాస్‌పోర్టు నీ చేతిలో పెడతా. రెండు నెలలు ఇంటికి పో."

రాజనర్సు ఆ రాత్రి అన్నం తినలేదు. సంతోషంతో అన్నం మానేసే మగాణ్ని నేను అదే చూడటం.

సనాబిస్ బజారులో కొన్న దీపాలు వచ్చాయి. బ్యాటరీ వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి గొణుగుతున్నాడు.

"పెద్దమ్మా, ఎర్రది ఎటు, పచ్చది ఎటు? సేటు ఒక్కపాలి చెప్పిండు. మర్చిపోయిన. మల్ల అడిగితె మీదికొస్తడు."

"తినే చేతివైపు పచ్చది, కడుక్కునే చేతివైపు ఎర్రది. ఇంతకంటే వివరంగా చెప్పమంటావా?"

"అద్దద్దు, సమజైంది" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

తనిఖీ రోజు సాయంత్రం ఆఫీసరుకి పెట్టడానికని అన్నం, చేపా వండి నేనూ రేవుకి పట్టుకెళ్లాను. పడవలో నాఖుదా, రాజనర్సు, ఇంకో ఇద్దరు. ఆఫీసరు తన మోటారు పడవలో ముందే దూరంగా వెళ్లాడు, అక్కడి నుంచి చూస్తానని. గట్టుమీద నేనూ, అబూ ఖలీలూ.

పొద్దు వాలింది. దీపాలు వెలిగాయి. నా కళ్లకి పెళ్లిపందిరిలా ఉంది. పడవ సముద్రంలోకి సాగింది. మా పడవ ఒడ్డుకి తిరిగొస్తోందనుకున్నాడు కాబోలు, ఆఫీసరు మోటారు పడవ రయ్యిమని బయల్దేరి ఒడ్డువైపు వచ్చి ఆగింది. మా పడవ లోపలికి పోతూనే ఉంది. ఆఫీసరు ఎదురుచూస్తూనే ఉన్నాడు. కాసేపటికి అనుమానమొచ్చి వెనక్కి తిరిగి వెంటపడ్డాడు. అప్పటికి మా నాఖుదా పడవని ఒడ్డువైపు మళ్లించాడు. ఆఫీసరు దీపం చూసి, అది ఇంకా లోపలికి పోతోందనుకుని, అటు దూసుకుపోయాడు. ఇలా మూడుసార్లు. దోబూచులాటకి పిల్లలు కూడా అంతసేపు పరిగెత్తరు.

"మన పడవ అంత వేగంగా పోతుందని నాకే తెలీదు" అని అబూ ఖలీల్ మురిసిపోతున్నాడు.

ఆఫీసరు గట్టెక్కేసరికి నడుం దాకా తడిసి ఉన్నాడు.

"పడవ వస్తోందా, పోతోందా? ఎర్రది కుడివైపు పెట్టిందెవడు?"

రాజనర్సు ముందుకొచ్చాడు. "నేనే సాబ్."

"కుడి ఎడమలు తెలీవా నీకు?"

"ఎర్కే సాబ్. బువ్వ తినే జాగల కూసోని మరీ జూసిన."

ఎవరికీ అర్థం కాలేదు. పడవలోకెక్కి చూపించాడు. మధ్యాహ్నాలు అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటారు. నాఖుదా చోటు పడవ వెనకవైపు, మొహం ముందుకి. రాజనర్సు చోటు ఆయనకి ఎదురుగా, మొహం వెనక్కి. అక్కడ బాసింపట్టు వేసుక్కూర్చుని, కుడిచేత్తో ముద్ద కలిపినట్టు కలిపి, నోటి దాకా తెచ్చి, ఆ చెయ్యి ఎటుందో అటు చూపించాడు. పడవకి అది ఎడమ.

"ముందుకి తిరిగి కూర్చోవచ్చుగా?" అన్నాడు ఆఫీసరు.

"పెద్దమనిషికి ఈపు జూపి ఎట్ల తింట సాబ్? మా అవ్వ గట్ల నేర్పలె."

ఆఫీసరు మీసం వణికింది. నవ్వు మింగుతున్నాడని నాకు అర్థమైంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. చెప్పిందాన్ని నేనే కదా.

రాజనర్సు అక్కడికక్కడే స్క్రూలు విప్పి రంగు అద్దాలు అటువి ఇటు, ఇటువి అటు మార్చేశాడు. పావుగంట పట్టింది. ఆఫీసరు చుట్టూ తిరిగి చూసి, అబూ ఖలీల్ వైపు తిరిగాడు.

"పడవ నీది. నువ్వు చెప్పు, ఎర్రది ఎటుండాలి?"

అబూ ఖలీల్ చేతులు చూసుకున్నాడు. సముద్రం చూశాడు. ఆకాశం చూశాడు. కుడిచెయ్యి ఎత్తాడు.

ఆఫీసరు నాఖుదాని అడిగాడు. "నాకు తెలీదు. తెలుసుకోను కూడా" అన్నాడు జుమా.

ఆఫీసరు కాగితం తీసి రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. పడవ పాసైంది. రాజనర్సు ఎగిరి గంతేశాడు. కాగితం చదివిన అబూ ఖలీల్ మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"దీపాల సంగతి తెలిసింది రాజాకి ఒక్కడికేనట. చీకటిపడ్డాక రాజా లేనిదే పడవ కదలకూడదని పేరుతో సహా రాశాడు. వచ్చే వారం నుంచి చుట్టాలు. ఇంక నిన్నెలా పంపను?"

రాజనర్సు స్క్రూడ్రైవరు డబ్బాలో పెట్టుకుని, మూత పెట్టి, ఆ మూతనే చూస్తూ నిలబడ్డాడు.

తప్పు నాది కాబట్టి నోరూ నాదే లేచింది.

"అయ్యా, తప్పు పెట్టినందుకు ఉంచేస్తామంటే అర్థముంది. దిద్దుకున్నందుకు ఉంచేస్తావా? నువ్వెత్తిన చెయ్యి ఏదో నేను చూశాను. వచ్చే వారం మీ చుట్టాలకి వడ్డించేదాన్ని కూడా నేనే. వడ్డిస్తూ ఊరుకునే అలవాటు నాకు లేదు."

"దానమ్మా, గట్టిగా అనకు" అన్నాడు కఫీల్, ఆఫీసరు వైపు చూస్తూ. "సరే. నాఖుదా నేర్చుకుంటే ఆయన పేరు రాయిస్తా. రాజాని శనివారం విమానమెక్కిస్తా. యల్లా, కానివ్వండి, నేర్పుకోండి."

నాఖుదా ఒప్పుకుంటేగా! ఆయన పోట్లాట మాతో కాదు, ఇంగ్లీషువాళ్లతో. వాళ్ల పెత్తనం ఉన్న రోజుల్లో తెరచాప పడవలకి దీపం పెట్టాలని హుకుం వచ్చిందట. ఆయన తండ్రి లాంతరు వెలిగించి దాని మీద గంప బోర్లించేవాడట. ఇంగ్లీషువాళ్ల పడవ చప్పుడైతే గంప ఎత్తడం, పోగానే దించడం. ఓసారి గంప అంటుకుంది. ఆ ముసలాయన్ని వాళ్ల ఆఫీసు అరుగుమీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా మాడిన గంపతో సహా కూర్చోబెట్టారట.

"గాలి ఎటుందో నాకు తెలుసు. రాయి ఎక్కడుందో తెలుసు. దీపం గుడ్డివాళ్లకి" అన్నాడు జుమా. "మా నాన్న చెయ్యని పని నేను చెయ్యను."

రాజనర్సు రెండు రోజులు బతిమాలాడు. దీపం ఆర్పడం, వెలిగించడం, "ఇది ఎర్రది బాబా, ఇది పచ్చది" అనడం. ముసలాయన కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

మూడో రోజు నేను భోజనం పట్టుకెళ్లేసరికి రాజనర్సు వైర్లు ముట్టుకోకుండా కూర్చుని ఉన్నాడు. జేబులోంచి ఫొటో తీసి పళ్లెం పక్కన పెట్టాడు. నాఖుదా ఫొటో చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"దీనికి నువ్వెవరో తెలుసా?"

"ఫోన్ల గొంతు తెలుసు బాబా. మొకం తెల్వది."

నాఖుదా ఫొటో తిరిగిచ్చి అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. తలగుడ్డ సరిచేసుకుని ఎవరితోనూ చెప్పకుండా రేవు చివరున్న ఆఫీసరు గది వైపు నడిచాడు. మేం వెనకాల పరిగెత్తాం. నేనూ పరిగెత్తానంటే చూడండి.

"అడుగు" అన్నాడు ఆఫీసరుతో.

"ఏమిటి?"

"దీపాలు."

"ఎర్రది?"

"ఎడమ."

"పచ్చది?"

"కుడి. మొదటి రోజే వచ్చు నాకు. ఇంగ్లీషువాళ్లు అడిగితే చెప్పలేదు. నువ్వడిగినా చెప్పేవాణ్ని కాదు. ఇతని కూతురు అడిగింది. రాసుకో నా పేరు. ఖలాస్."

ఆఫీసరు లేచి నిలబడి మరీ రాశాడు. అబూ ఖలీల్ బీరువా తాళం తీశాడు. పాస్‌పోర్టు ఇస్తూ, ఇదంతా తన ఆలోచనే అన్నట్టు రాజనర్సు భుజం తట్టాడు. నేను ఆయనకి వినబడేలా గట్టిగానే దగ్గాను.

శనివారం వెళ్లాడు. వారానికి ఫోను చేశాడు.

"ఎలా ఉందిరా పిల్ల?"

"నన్ను జూసి తలుపెన్క దాక్కుంది పెద్దమ్మా. మూడొద్దులు దగ్గరికి రాలె. నాలుగో నాడు వాళ్లమ్మను అడుగుతున్నది, ఈయన ఎప్పుడు పోతడని."

"నువ్వేమన్నావు?"

"రెండు నెల్లకు అన్న."

"అప్పుడది?"

"గన్ని రోజులా అన్నది" అని నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ ఆగలేదు. వెనకనుంచి గౌరవ్వ ఫోను బిల్లు పెరుగుతోందని అరుస్తోంది. ఆ అరుపుకి పిల్ల కూడా నవ్వుతున్నట్టు వినిపించింది.