కుందేళ్ల కింద గచ్చు

కుందేళ్లను పెంచుకుంటున్నాం, వాటి కింద ఏం పరిస్తే మంచిదని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా గొంతు లేస్తుంది. మా ఇంట్లోవాళ్లు నవ్వుతూ, "ఆ సంగతి ఆమెను అడగకండి, పొద్దుగూకేదాకా తిడుతుంది" అంటారు. నవ్వుకోనీ. ఆ విద్య నేను మొయినాబాదులో పన్నెండేళ్లప్పుడు మా బాపు మీద కోపంతో నేర్చుకున్నాను.

మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన గచ్చు మేస్త్రీ. గండిపేట చెరువు చుట్టుపక్కల పట్నం దొరలు తోట బంగళాలు కట్టుకుంటున్న కాలం అది. సున్నపు నేల పోయాలంటే బాపుకే కబురు వచ్చేది. గానుగలో నూరిన సున్నానికి సన్నటి ఇసుక, బెల్లం నీళ్లు, గుడ్ల సొన కలిపి పోసి, తడి ఆరకముందే గుండ్రాయితో రోజంతా రుద్దేవాడు. ఆరిన తర్వాత ఆ నేలలో మన మొహం మనకు కనిపించేదట. మా ఇంట్లో మాత్రం మట్టి నేల, పేడ అలుకు.

రెండో పెద్ద యుద్ధం మొదలైన రోజుల్లో చేవెళ్ల మిషను బంగళాలోని దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ, పెంచుకున్న తెల్ల కుందేళ్ల జతను అక్కడ వంట చేసే మా మేనత్తకు ఇచ్చింది. మేనత్త వాటిని గంపలో పెట్టుకుని ఎడ్లబండిలో వచ్చి నా ఒళ్లో పెట్టింది. మా అవ్వ, అంటే అమ్మ, గంపలోకి తొంగి చూసి, "మనకే గింజలు లేవు, గీ సుట్టాలు గూడ వచ్చిండ్రా" అంది. అన్నదే గాని ఆ సాయంత్రమే వాటికి గరిక కోసుకొచ్చింది.

బాపు సంతోషానికి మాత్రం పట్టపగ్గాలు లేవు. "నా బిడ్డ కుందేళ్లు మట్టిల పండుతయా? దొరల ఇండ్లల్ల లేని గచ్చు పోస్త సూడు" అన్నాడు. పెరట్లో నడుమెత్తు గోడ కట్టాడు, పైన తడిక కప్పాడు, కింద మూడు రోజులు కూర్చుని గచ్చు పోశాడు. నేనూ ఎగిరి గంతులేశాను. ఆ మాట దాచను.

గచ్చు ఆరాక వాటిని లోపల వదిలాం. మగది ఒక్క గెంతు గెంతింది. వెనక కాళ్లు రెండూ చెరో పక్కకు జారిపోయి పొట్ట నేలకు కొట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు అరికాలికి మెత్తలు ఉండవు, అంతా బొచ్చే. నున్నటి నేల మీద ఆ బొచ్చుకు పట్టు ఎక్కడ దొరుకుతుంది? వారం తిరిగేసరికి రెండూ గెంతడం మానేసి మూలకు నక్కాయి. మడమల దగ్గర బొచ్చు రాలిపోయి ఎర్రటి చర్మం బయటపడింది.

గోనెసంచి పరిచాను. దాన్ని కొరికి పీచులు చేసి కాళ్లకు చుట్టుకున్నాయి. అది తీసేసి జానెడు మందాన ఎండుగడ్డి వేశాను. ఆ పూటే రెండూ గెంతాయి! నా ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం బాపు పని నుంచి వచ్చాడు, చీపురు తీసుకుని ఆ గడ్డంతా బయటికి ఊడ్చేశాడు.

"గడ్డి ఏస్తే గచ్చు ఏం కనవడ్తది?" అన్నాడు.

"అవి జారుతున్నయి బాపు!"

"జర అలవాటు కానియ్యి."

రోజూ ఇదే తంతు. పొద్దున నేను పరచడం, సాయంత్రం ఆయన ఊడ్చడం. కుందేళ్లు ఎవరివి? నావి. వాటి కింద మెరుపు ఎవరికి కావాలి? ఆయనకు. ఇంత చిన్న విషయం అంత పెద్ద మేస్త్రీకి ఎందుకు ఎక్కదో నాకు అర్థమయ్యేది కాదు.

ఆడది కడుపుతో ఉందని తెలిశాక అవ్వ గట్టిగా కేకలేస్తే బాపు కొన్నాళ్లు చీపురు ముట్టలేదు. అది తన రొమ్ము మీది బొచ్చు తానే పీక్కుని గడ్డిలో గూడు చేసుకుని ఐదు పిల్లల్ని పెట్టింది. పిల్లలు కళ్లు తెరిచి పాకడం మొదలుపెట్టే వేళకు పట్నం నుంచి బాపు తోటి మేస్త్రీలు గచ్చు చూడడానికి వస్తామన్నారు. ఇవాళ వస్తారు, రేపు వస్తారు అంటూ ఆయన వారం పైగా గడ్డి వెయ్యనివ్వలేదు. ఒక మూల గూడు మాత్రం ఉంచాడు. పిల్లలు గూట్లో ఉంటాయా? బయటికి వచ్చి ఆ అద్దం మీద ఈత కొట్టినట్టు కాళ్లు ఆడించాయి. అందులో ఒకదాని వెనక కాళ్లు రెండు పక్కలకూ చాపుకుని అలాగే ఉండిపోయాయి. పొట్ట కిందికి తోసి పెట్టినా మళ్లీ పక్కకే పోయేవి.

దాన్ని తీసుకెళ్లి బాపుకు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "పెద్దగైతే సర్దుకుంటది తీ" అన్నాడు. ఆ మాటతో నా ఒళ్లు మండిపోయింది.

మేస్త్రీ తాను పోసిన గచ్చుకు ఇనుము తగిలించడు, ఇంట్లో వాళ్లను తగిలించనివ్వడు. చేతి విద్య పోతుందని వాళ్ల నమ్మకం. మర్నాడు బాపు అజీజ్‌నగర్ పనికి వెళ్లగానే కుందేళ్లను గంపలో మూసిపెట్టి గడ్డపార అందుకున్నాను.

"బాపు సంపుతడే!" అని అవ్వ అరిచింది.

"సంపనియ్యి!" అన్నాను.

అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. గచ్చంతా ముక్కలు చేశాను. కుందేళ్లు బొరియ తవ్వి పారిపోకుండా ఆ ముక్కలు అలాగే ఉంచి, వాటి మీద జల్లించిన ఎర్రమట్టి పోసి దిమ్మిస కొట్టాను. మట్టి తడి లేకుండా చూసి పైన మందంగా గడ్డి పరిచి అన్నింటినీ వదిలాను. తల్లి నిలబడి, ఒళ్లు దులుపుకుని, గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా గెంతింది. నాలుగు పిల్లలు దాని వెంటపడ్డాయి.

సాయంత్రం బాపు వచ్చాడు. నేను గడ్డపార పట్టుకునే నిలబడ్డాను. కొడితే కొట్టనీ, తిట్టడానికి మాటలన్నీ పోగేసుకుని ఉన్నాను. ఆయన కొట్టలేదు. గోడ పక్కన పడ్డ ఒక ముక్కను తీసి దాని నున్నదనాన్ని బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు.

"ఇరవై ఏండ్ల సంది గచ్చు పోస్తున్న బిడ్డా" అన్నాడు. "రుద్దుకుంట రుద్దుకుంట ఎన్కకు జరిగి గడప దాటుడే. ఆరినంక మల్ల లోపట కాలు పెట్టనియ్యరు. నేను పోసిన గచ్చు మీద నేను నిలబడ్డది గిదొక్కటే."

బాపు కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదలు. ఆయన్ను గడప దాటించిన ఆ బంగళాల వాళ్లందరి మీదా కోపం వచ్చింది. బాపు మీద కోపం కూడా అణువంత తగ్గలేదు. గడ్డిలో కాళ్లు చాపుకుని ఒంటరిగా మిగిలిన పిల్లను ఎత్తి తెచ్చి, ఆ గచ్చు ముక్క తీసేసి దాన్ని ఆయన చేతిలో పెట్టాను.

"ఇది ఎన్నడు నిలబడది బాపు" అన్నాను.