కుర్చీ వేసిన రోజు, దాటిన రోజు

శ్రీకాకుళం దాటాక హైవే మీదున్న మా చిన్న పట్నంలో చర్చి ఉన్నది రోడ్డుకు తూర్పున, మా ఇళ్ళు పడమట. చిన్నప్పుడు ఇదొక విషయమే కాదు. గంట కొట్టాక బయల్దేరినా మొదటి పాటకు అందుకునేవాళ్ళం. రోడ్డు ఆరు వరసలై, మధ్యలో అడుగెత్తు గోడ, గోడ మీద ఇనప కంచె లేచాక ఎదురుగా కనబడే చర్చి పరాయి ఊరిదైపోయింది. ఫ్లైఓవర్ దాకా పోయి తిరిగి రమ్మన్నారు. ఆటోలో అయితే ఎంతసేపు అన్నారు. మా గుమ్మంలోంచి కనిపించే తలుపుకు ఆటో ఎక్కి పోవడమేమిటని నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా సంఘంలో ఆడవాళ్ళు ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండలు చర్చికి చేరితే, ఆ బియ్యం మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళుతుంది. అమ్మ నలభై ఏళ్ళు ఆ కుండ నెత్తిన పెట్టుకుని నడిచింది. కంచె వచ్చాక కూడా మానలేదు. ఎవరో చువ్వలు వంచిన సందులోంచి దూరి వెళ్ళేది. ఒక ఆదివారం లారీ హారన్‌కు ఉలిక్కిపడి కుండ జారవిడిచింది. బియ్యం రోడ్డుపాలయింది. అమ్మ ఆ లారీ కింద పడకపోవడం మా అదృష్టం.

“ఇకనుంచి బియ్యం ఆటోలో పంపిస్తానమ్మా” అన్నాను.

“బియ్యానికేటి, ఆటోలో ఎల్తాది. నాను నడిసి ఎల్లడానికి ఏటడ్డం?” అంది.

రోడ్డు కిందనుంచి దారి కావాలని అర్జీల మీద అర్జీలు పెట్టాం. చివరికి ఎంతమంది దాటుతున్నారో చూడడానికి ఒక ఇంజనీరు వస్తున్నాడని కబురొచ్చింది. మా తెలివి అప్పుడు బయటపడింది. ముందురోజు పెద్దలు పేటంతా తిరిగి, “సారొస్తన్నారు. రేపు ఎవులూ రోడ్డుకడ్డంగా తిరక్కండి, బాగోదు” అని చెప్పొచ్చారు. పిల్లల్ని ఇళ్ళలో కూర్చోబెట్టారు. రోడ్డు పక్క ఊడ్చి షామియానా వేశారు. కుర్చీ తెచ్చి వేసింది నేనే, తుడిచింది కూడా నేనే. ఆయన కొబ్బరిబొండాం తాగాడు, ఖాళీ రోడ్డు చూశాడు, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు జవాబొచ్చింది. అక్కడ దాటేవారు లేరు కనుక దారి అవసరం లేదట.

ఆ ఉత్తరం చదివి వినిపిస్తే అమ్మ నా మొహం వంక చూసింది. “పెల్లికొడుకుని కూకోబెట్టినట్టు కూకోబెట్టినారు. మనం లేమని మనమే సెప్పినాం” అంది. సిగ్గుతో చచ్చిపోయాను. మర్యాద చేసి మా కాళ్ళు మేమే నరుక్కున్నాం.

మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున్నే రావాలని ప్రతి ఉత్తరంలోనూ రాశాను. నా పోరు పడలేక కాబోలు, ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి షామియానా లేదు, కుర్చీ లేదు, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మగవాళ్ళు ఎర్రగుడ్డలు పట్టుకుని రెండు వైపులా లారీలను ఆపారు. కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు, చంకలో పిల్లలున్న తల్లులు, ఎవరికి వాళ్ళే సందులోంచి దూరారు. అందరికంటే ముందు అమ్మ, నెత్తిన కుండతో. అవతలికి వెళ్ళింది, కుండ దించకుండానే వెనక్కొచ్చింది, మళ్ళీ బయల్దేరింది.

“అమ్మా, మిమ్మల్ని ఇందాకే రాసుకున్నాను” అన్నాడు ఇంజనీరు.

“ఇందాక ఎల్లినాను బాబూ. తర్వాత ఇంటికొచ్చినాను. ఇప్పుడు మల్లీ ఎల్తన్నాను. అన్నీ రాసుకో” అంది అమ్మ.

ఆయన రాసుకున్నాడు. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి, ఎవరూ తొందరపడలేదు.

ఇప్పుడు రోడ్డు కింద దారి ఉంది, పైన కంచె సందు మూసేశారు. మొదటి ఆదివారం అమ్మ దాని నడిమధ్య ఆగి పైకి చూసింది. మా నెత్తి మీంచి లారీలు పోతున్నాయి. “ఎల్లనీ” అని తన నడక తను నడిచింది.

అయితే వాన పడితే అందులో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తున్నాయి. ఆ ఆదివారాలు అమ్మ మళ్ళీ గుమ్మంలో కూర్చుని చర్చి వంక చూస్తుంది. అందుకే మళ్ళీ అర్జీ పెట్టాను. సారు స్వయంగా చూడాలని, వానాకాలంలోనే రావాలని రాశాను. ఈసారి కుర్చీ కూడా వేస్తాను, ఆ నీళ్ళ నడిమధ్యలో.