పటాన్‌చెరు దగ్గర వ్యాను దిగిన కళ్ళ డాక్టరు

1973 చలికాలం. సంగారెడ్డి దగ్గర ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పటాన్‌చెరు వైపు బొంబాయి రోడ్డు పక్కన జొన్నచేల మధ్య ఫ్యాక్టరీ షెడ్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. మా దగ్గరికి ఎక్కువగా కాన్పులు, జ్వరాలు, యంత్రాల్లో చేతులు నలిగినవాళ్ళు వచ్చేవారు. డాక్టరు ఒక్కరే, సుగుణమ్మగారు. కంటి ఆపరేషన్ గురించి ఆవిడ చదువుకున్నారు గానీ తన చేత్తో ఎప్పుడూ చేయలేదు. చూపు మసకబారిన ముసలివాళ్ళను హైదరాబాదు పొమ్మనేవాళ్ళం. చాలామంది వెళ్ళేవారు కాదు.

ఆ ఏడు కెనడా నుంచి ఒక చర్చి బృందం రెండు వారాల కోసం వచ్చింది. ఉద్యోగాలకు సెలవు పెట్టి, కొద్దిరోజులు పరాయి దేశంలో సేవ చేసి వెళ్ళడాన్ని వాళ్ళు షార్ట్ టర్మ్ మిషన్ అనేవారు. బృందానికి నాయకుడు ఒక పాస్టరు. యువతీయువకులు వార్డు గోడలకు సున్నం వేశారు, పిల్లలకు పాటలు నేర్పారు. వాళ్ళతో వచ్చిన కళ్ళ సర్జన్ డాక్టర్ హెన్రీ పొద్దున మొదలుపెడితే చీకటిపడేదాకా శుక్లాల ఆపరేషన్లు చేసేవారు.

"నాకు కూడా నేర్పండి డాక్టర్," అని సుగుణమ్మగారు మొదటిరోజే అడిగారు.

"టైము దొరికితే తప్పకుండా," అన్నారాయన. కానీ బయట జనం తరగలేదు. ఆవిడ పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకోవడంతోనే క్యాంపు చివరికొచ్చింది.

ఆఖరి మధ్యాహ్నం ఖాజా మియా వచ్చాడు. పటాన్‌చెరు బజారులో దర్జీ. ఫ్యాక్టరీ పనివాళ్ళకు ఖాకీ బట్టలు కుట్టేవాడు. చిన్నప్పుడు మసూచితో ఎడమకన్ను పోయింది. కుడికంటికి ఇప్పుడు శుక్లం. భార్య జైనబ్ బీ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

"సిస్టరమ్మా, నాకు ఉన్నదే గీ ఒక్క కన్ను. సూది సుత కానొస్తలేదు. గా దొరసాబ్‌కు జెర చెప్పవా?" అని చేతులు జోడించాడు. మాట పూర్తికాకముందే దగ్గు తెర వచ్చింది. బీడీ దగ్గు.

సుగుణమ్మగారు వెంటనే అడ్డుచెప్పారు. ఆ రోజుల్లో కన్ను కోసిన చోట రెండు మూడు కుట్లే పడేవి. రోగి తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి, రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవాళ్ళం. గట్టిగా దగ్గినా గాయం విచ్చుకునే ప్రమాదం ఉండేది.

"రేపు తెల్లారి మీరు వెళ్ళిపోతారు. దగ్గు తగ్గాక చేయించుకోవచ్చు. ఉన్నది ఒక్క కన్ను," అని హెన్రీతో అన్నారు.

"ఎవరు చేస్తారు? మళ్ళీ సర్జన్ ఎప్పుడొస్తాడో ఎవరికి తెలుసు?" అన్నారు హెన్రీ. ఖాజా మియా కూడా పట్టు విడవలేదు. ఆపరేషన్ జరిగింది, బాగానే జరిగింది. కట్టు రేపు మీరే విప్పి చూడండి అని చెప్పి ఆయన చేతులు కడుక్కున్నారు.

మర్నాడు పొద్దున్నే బృందం వ్యానులో వెళ్ళిపోయింది. దారిలో కర్దనూరులో ప్రార్థన పెట్టుకున్నారు, అక్కడినుంచి బేగంపేట విమానాశ్రయానికి వెళ్ళాలి. మేము డ్రెస్సింగ్ మొదలుపెట్టాం. ఖాజా మియా కట్టు విప్పాం. గాయం అంచులోంచి నల్లపూసంత ముక్క బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాన్ని ఐరిస్ ప్రొలాప్స్ అంటారు. కంటిలోపలి రంగు పొర గాయంలోంచి జారి బయటపడటం. అలాగే వదిలేస్తే చీము పడుతుంది, కన్ను పోతుంది.

"ఏమైందమ్మా? ఏం మాట్లాడ్తలేరు?" అన్నాడు ఖాజా మియా.

"ఏం గాలేదు చాచా. కదలకు, దగ్గకు," అంటూ సుగుణమ్మగారు కంటిమీద షీల్డు పెట్టి నన్ను వరండాలోకి లాక్కొచ్చారు. "గుంతల రోడ్డు మీద హైదరాబాద్ తీస్కపోతే కుదుపులకే కన్ను కారిపోతది. నేను చేస్తనంటే నా చెయ్యి నేనే నమ్మలేను. నువ్వు జీపు తీస్కొని పో. ఆయనను తీస్కరా."

డ్రైవర్ యాదగిరి అంత వేగంగా నడపడం నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా ఇటుకల లారీలు. కర్దనూరు చేరేసరికి ప్రార్థన ముగిసిపోయింది. "గిప్పుడే పోయిన్రమ్మా," అన్నారక్కడ. మళ్ళీ పరుగు. పటాన్‌చెరు దాటుతుండగా వ్యాను కనపడింది. యాదగిరి దాన్ని దాటించి జీపును రోడ్డుకు అడ్డంగా పెట్టేశాడు.

నేను వ్యాను ఎక్కి విషయం చెప్పాను. పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. "సిస్టర్, విమానం తప్పితే వీళ్ళందరి ప్రయాణం చెడుతుంది. అక్కడ కూడా ఆయన కోసం రోగులు ఎదురుచూస్తున్నారు. ఆ మనిషిని ప్రభువు చేతుల్లో పెడదాం."

"ప్రభువు చేతుల్లోనే ఉన్నాడయ్యగారూ. కుట్టు వేసే చెయ్యి కావాలి," అన్నాను. ఆయనతో ఆ గొంతుతో మాట్లాడతానని అప్పటిదాకా నాకే తెలియదు.

ఆయన కోప్పడలేదు. తల వంచి ప్రార్థన మొదలుపెట్టారు. వ్యానులో అందరూ కళ్ళు మూసుకున్నారు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. హెన్రీ మాత్రం కళ్ళు మూసుకోలేదు. కాసేపు కిటికీలోంచి చూసి, కాళ్ళ దగ్గరున్న పరికరాల సంచి తీసుకుని మెల్లగా లేచారు. వాళ్ళు ఆమేన్ అనేసరికి ఆయన జీపులో కూర్చుని ఉన్నారు.

దారిలో ఒక్కటే అడిగారు. "దగ్గు ఆగిందా?"

"తెలియదు డాక్టర్."

మేము వెళ్ళేసరికి సుగుణమ్మగారు దగ్గు అణిచే మందు పట్టించి, అతని గడ్డం పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నారు. కాళ్ళ దగ్గర జైనబ్ బీ దువా చదువుకుంటోంది. హెన్రీ చేతులు కడుక్కుంటూ, "టార్చి సిస్టర్ పట్టుకుంటుంది. మీరు ఇక్కడ, నా భుజం పక్కన నిలబడండి," అని సుగుణమ్మగారిని పిలిచారు. ఆ రోజు ప్రతి పనీ పైకి చెబుతూ చేశారు. బయటపడ్డ ముక్కను ఎందుకు కత్తిరించాలో, మిగతా పొరను లోపలికి ఎలా సర్దాలో, సూది ఎంత లోతు దిగాలో.

రెండో కుట్టు సగంలో ఉండగా ఖాజా మియా ఛాతీ ఎగిరింది. నేను టార్చి కదలకుండా, రెండో చెయ్యి అతని గుండెమీద వేశాను. "చాచా, నోరు తెర్వు. చిన్నచిన్నగ ఊపిరి ఇడువు. ఇంకొంచెం సేపే." అతని మెడనరాలు ఉబ్బాయి. హెన్రీ సూది అలాగే గాలిలో ఆగిపోయింది. ఆ దగ్గు గొంతుదాకా వచ్చి, అక్కడే వణికి, అణిగిపోయింది. కుట్టు పడింది.

పాస్టరుగారు బేగంపేటలో దిగాక హెన్రీ పెట్టెనూ, ఒక దగ్గుమందు సీసానూ అదే వ్యానులో మాకు పంపించారు. హెన్రీ ఆ చలికాలమంతా ఉండిపోయారు. ఒకసారి నాతో అన్నారు: "ఇంటికెళ్ళి ఇంతమందికి చూపు తెప్పించాం అని చెప్పుకోవాలని ఆరాటపడ్డాను సిస్టర్. మేము పోయాక ఆ కళ్ళను ఎవరు చూస్తారని ఆలోచించలేదు." కొత్త ఆపరేషన్లు చాలా తగ్గించారు. మటన్ దుకాణం నుంచి మేక కళ్ళు తెప్పించి సుగుణమ్మగారితో కుట్లు వేయించేవారు. తర్వాత ఆవిడ రోగులకే చేయడం మొదలుపెట్టారు, టార్చి ఆయన పట్టుకున్నారు.

ఖాజా మియా కన్ను నిలిచింది. కనుపాప ఒకపక్కకు లాగినట్టు ఉండేది. మందపు అద్దాలు పెట్టుకుని మళ్ళీ కుట్టుమిషను తొక్కాడు. సూదిలో దారం మాత్రం జైనబ్ బీ ఎక్కించాల్సిందే.

తర్వాత మా దగ్గరికి చాలా బృందాలు వచ్చాయి. వాళ్ళ ప్రేమను నేను ఎన్నడూ శంకించలేదు. కానీ ఎవరొచ్చినా ముందు ఒకటే అడగడం అలవాటైంది: మీరు వెళ్ళిన మరునాడు ఈ పని ఎవరు చేస్తారు? జవాబు చెప్పగలిగినవాళ్ళు కొద్దిరోజులే ఉన్నా మాకు చాలా ఇచ్చి వెళ్ళారు.

ఆ చలికాలం చివర హెన్రీ బయల్దేరేరోజు ఖాజా మియా ఆయన కోసం కుట్టిన చొక్కా పట్టుకొచ్చాడు. మళ్ళీ ఎప్పుడొస్తారని నాతో అడిగించాడు. చెప్పలేనన్నారు హెన్రీ.

"రాకున్నా పరేషాన్ లేదని చెప్పమ్మా," అన్నాడు ఖాజా మియా. "మాకు డాక్టరమ్మ ఉన్నది గద."

కాస్త తటపటాయించినా, ఉన్నదున్నట్టే ఇంగ్లీషులో చెప్పాను. హెన్రీ ముఖం ఒక్కసారిగా విప్పారింది. వచ్చినప్పటినుంచీ ఆయన అంత సంతోషంగా నవ్వడం నేను చూడలేదు.