నలభై తర్వాత

మా పిన్నికి ఐదుల లెక్క తప్ప ఇంకో లెక్క రాదు. బడి మొహం చూడని మనిషి. అయినా బేకరీలో పదకొండేళ్ళపాటు బన్నులు పెట్టెల్లో సర్దింది. రెండు చేతులా ఐదేసి ఎత్తుతూ ఐదు, పది, పదిహేను అనుకుంటూ పోతే ఎన్ని వందలైనా ఒక్క బన్ను తేడా వచ్చేది కాదు.

అంతలో యజమాని కొత్త పొయ్యి కొన్నాడు. దాని ట్రేలకు ఎనిమిదేసి గుంటలు. ట్రే బోర్లిస్తే ఎనిమిది బన్నులు ఒక్కసారే పెట్టెలో పడతాయి, వాటిని ఐదుల్లోకి విడగొడుతూ కూర్చుంటే సరుకు తీసుకెళ్ళే బండి వెళ్ళిపోతుంది. ఎనిమిదేసి లెక్కపెట్టడం రాకపోతే ట్రేలు కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళమన్నాడు. అక్కడ రోజంతా బట్టలసోడా కలిపిన నీళ్ళలో చేతులు పెట్టాలి. పిన్ని అరచేతులు అప్పటికే పగిలి ఉన్నాయి.

నేను తొమ్మిదో తరగతి. లెక్కల్లో క్లాసుకే ఫస్టు, పొగరులో బడికే ఫస్టు. ఎనిమిదో ఎక్కం రెండు రోజులు వల్లె వేయించాను, పిన్నికి ఎక్కలేదు. మూడో రోజు విసుగొచ్చి కిటుకు చెప్పాను.

"చూడు పిన్నీ, ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు, ముప్పై రెండు, నలభై. వెనక అంకె రెండేసి తగ్గుతోంది. ముందు అంకె ఒక్కోటి పెరుగుతోంది. సున్నా వచ్చాక మళ్ళీ వెనక ఎనిమిదితో మొదలు. అంతే!"

"అంతేనా? ఇంత తేలికైనదానికి నన్ను ఇన్నాళ్ళు ఏడిపించావా?" అంది పిన్ని. నేను పుస్తకం మూసేసి ఆడుకోవడానికి పోయాను.

వారం గడిచాక కొత్త పొయ్యి వెలిగించారు. పిన్ని మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి ఆ పొద్దునే బేకరీకి వెళ్ళాను. ఆసుపత్రి వంటమనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"తొంభై అని చీటీ మీద రాశారు. పెట్టెలో ఎనభయ్యే ఉన్నాయి. చివరి వార్డులో పదిమంది ఖాళీ పళ్ళేలు పట్టుకు కూర్చున్నారు సార్."

యజమాని పిన్నివైపు తిరిగాడు. పిన్నికి కోపం వచ్చింది. "నేను సరిగ్గానే వేశాను సార్, కావాలంటే వినండి" అని అందరి ముందూ మొదలుపెట్టింది. "ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు, ముప్పై రెండు, నలభై, యాభై ఎనిమిది, అరవై ఆరు, డెబ్బై నాలుగు, ఎనభై రెండు, తొంభై!"

నలభై తర్వాత వెనక ఎనిమిది వస్తుందని చెప్పాను, ఆ ఒక్క అడుగులో ముందు అంకె పెరగదని చెప్పలేదు. నేను చెప్పింది చెప్పినట్టే చేసింది పాపం.

"ఈ లెక్క ఎవరు నేర్పారమ్మా నీకు?" అన్నాడు యజమాని.

పిన్ని నావైపు ఒక్కసారి చూసింది. నా మొహం చూసే తెలుసుకుని ఉంటుంది.

"ఎవరూ నేర్పలేదు సార్. నాకు నేనే వంకరగా నేర్చుకున్నాను."

లెక్క సరిచేసుకోవడానికి యజమాని శనివారం దాకా గడువిచ్చాడు. పిన్ని పది బన్నులు సంచీలో వేసుకుని ఆసుపత్రికి తనే పరిగెత్తింది.

ఆ సాయంత్రం నేను ఏడుస్తూ క్షమించమన్నాను. "ఏడుపుతో నలభై దాటలేం గానీ, గుండీల డబ్బా తే" అంది. నలభై గుండీలు పేర్చి, ఇంకో ఎనిమిది ఒక్కొక్కటే పెట్టించాను. నలభై ఎనిమిది దగ్గర పిన్ని ఇంకో రెండు గుండీలు పెట్టి యాభై చేసి, మళ్ళీ ఆ రెండూ తీసేసింది.

"ఇదేమిటే, పది వేసి రెండు తీసేయడమేగా! నలభైకి పది వేస్తే యాభై, రెండు తీస్తే నలభై ఎనిమిది. ముప్పై రెండుకి పది వేస్తే నలభై రెండు, రెండు తీస్తే నలభై. ఎక్కడ ఎత్తుకున్నా ఇంతే." నా కిటుకుకి నలభై దగ్గరే కాళ్ళు విరిగాయి. పిన్ని కిటుకు వంద దాటినా ఆగలేదు. ఇంత చదివీ నాకెందుకు తోచలేదని సిగ్గేసింది.

శనివారం నేనూ వెంట వెళ్ళాను. యజమాని పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. పిన్ని ట్రేలు బోర్లిస్తూ పోయింది. నలభై దగ్గర ఒక్క క్షణం ఆగింది. "నలభై ఎనిమిది" అని, ఇక ఆగకుండా రెండు వందల దాకా వెళ్ళింది. ఆయన పెట్టె విప్పి మళ్ళీ లెక్కపెట్టించాడు, సరిపోయింది.

"బాగుంది. ఈసారి ఎవరు నేర్పారు?"

"మా అక్క కూతురు సార్" అంది పిన్ని నా భుజం పట్టుకుని ముందుకు లాగుతూ. "లెక్కల్లో క్లాసుకే ఫస్టు."

అప్పటికి నా నోరు పెగిలింది. "ఈసారి తనే నేర్చుకుంది సార్. తప్పుగా నేర్పింది నేను."

పిన్ని నా చెయ్యి గట్టిగా గిల్లింది. "దాని మాటలకేం గానీ సార్, ఆసుపత్రి పెట్టె ఇంకా సర్దాలి" అంటూ తర్వాతి ట్రే అందుకుంది.