నరహరి సార్ తినని నహారీ

మా ఆయనకు బీపీ ఉందని డాక్టరు తేల్చి పది రోజులైంది. నిన్న పొద్దున మొదటిసారి ఉప్పు లేకుండా ఉప్మా చేశాను. పోపు వాసన మామూలుగానే వచ్చింది. అల్లం, కరివేపాకు, జీడిపప్పు ఎవరి పని వాళ్ళు చేశారు. నోట్లో పెట్టుకుంటే మాత్రం తడిగుడ్డ నమిలినట్టు ఉంది. మా ఆయన ముఖం మాడ్చుకుని తిన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వచ్చేశాను. వచ్చాక నవ్వు ఆగిపోయింది. పాతబస్తీ ఛత్రినాకలో నరహరి సార్ ఇంటి మెట్లు, టిఫిన్ డబ్బా పట్టుకుని నేను వాటిని ఎక్కడం గుర్తొచ్చాయి.

నరహరి సార్ కరెంటాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు. వాళ్ళది తరతరాలుగా గుళ్ళో సేవ చేసుకునే కుటుంబం. అన్నగారు పూజలు చూసుకుంటే, ఈయన ఫైళ్ళు చూసుకున్నారు. రిటైరయ్యాక ఊరికే ఉండలేక, మేడ మీద రెండు గదులకు సున్నం వేయించి, తిండి కోసమే పాతబస్తీకి వచ్చే భార్యాభర్తలకు ఇవ్వడం మొదలుపెట్టారు. రెండు రోజుల మకాం. గది, పొద్దున ఆయన భార్య ఆండాళమ్మ చేసే టిఫిన్, ఆ తర్వాత సార్ వెంట ఊరంతా తిరిగి తినడం. నేను డిగ్రీ పూర్తి చేసి, మా నాయిన కిరాణా దుకాణంలో కూర్చుని చింతపండు తూచడం ఇష్టం లేక ఆయన దగ్గర పనికి చేరాను. నాకు నోరు బాగా నడుస్తుందని ఆయన తీసుకున్నారు. ఆ నోటి వల్లే తర్వాత నాకు చెమటలు పట్టాయి.

ఆయన పద్ధతి ఆయనది. రోజుకు మూడు చోట్లే తినాలి. ఒకచోట తిన్నాక కనీసం రెండు గంటలు ఎక్కడైనా కూర్చోవాలి. బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన ఒక్క రోజులో తినాల్సిన పదకొండు చోట్ల జాబితా ఫోనులో రాసుకొచ్చాడు. సార్ కళ్ళద్దాలు సర్దుకుని అంతా చదివారు. "పదకొండా? అన్నా, ఇదేమన్న పరీక్షనా? కడుపుకు గూడ ఒక ఇజ్జత్ ఉంటది" అన్నారు. ఎనిమిది కొట్టేయించారు. మధ్యాహ్నం ఆ దంపతులు ఫ్యాను కింద నిద్రపోతే, చాయ్ టైం దాటిపోతోందని నేను లేపబోయాను. "పండనియ్యి బిడ్డా. నిద్ర గూడ తిండే" అన్నారు. వాళ్ళు లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. తాము చేసిన ప్రయాణాల్లో ఇంత హాయిగా ఎప్పుడూ లేమని వెళ్ళేటప్పుడు చెప్పారు. వాళ్ళు ఆ రోజు తిన్నది రెండు చోట్లే.

రెండో రోజు పొద్దున మాత్రం తెల్లవారకముందే లేవాలి. నహారీకి. మేక కాళ్ళు, ఎముకలు రాత్రంతా సన్నసెగ మీద ఉడికించిన పులుసు అది. మెత్తటి కుల్చా రొట్టెతో తింటారు. ఎండ పొడిచేసరికి గిన్నె ఖాళీ అవుతుంది. సార్ గుడి ఇంటి మనిషి కదా, మాంసం ముట్టరు. ఆ హోటల్లో అతిథుల ఎదురుగా చాయ్ పెట్టుకుని కూర్చుని, ప్రతిసారీ ఒకే మాట చెప్పేవారు. "నేను తినను. దీని రుచి నాకు తెల్వదు. మీరు తిని నాకు చెప్పాలె." వాళ్ళు తింటూ చెప్పేవారు. ఆయన పరీక్ష పేపరు దిద్దే మాస్టారంత శ్రద్ధగా వినేవారు.

నాకు ఆ పద్ధతి నచ్చేది కాదు. తెలియదని చెప్పే గైడును ఎవరు నమ్ముతారు? మాదీ మాంసం ముట్టని ఇల్లే. అయినా సార్‌కు మోకాళ్ళ నొప్పులొచ్చి నన్ను ఒంటరిగా పంపిన రోజుల్లో, వచ్చిపోయేవాళ్ళ నోట విన్న మాటలన్నీ ఏరి ఒక పాఠం తయారు చేసుకున్నాను. "మూలుగ నోట్లో వెన్నలా కరిగిపోతుందండీ. ఆఖర్న ఏలకుల వాసన గొంతులో నిలబడుతుంది" అని కళ్ళు సగం మూసి చెప్పేదాన్ని. అందరూ నమ్మేవారు. పొద్దున టిఫిన్ చేసొచ్చానని చెప్పి నేను మాత్రం బిస్కెట్లతో సరిపెట్టుకునేదాన్ని. అబద్ధం ఆడుతున్నానని నాకు తోచనే లేదు. పని బాగా చేస్తున్నాననుకున్నాను.

అలాంటి రోజుల్లో ఏలూరు నుంచి సూర్యారావు గారు, రత్నం గారు వచ్చారు. ఇద్దరూ కలిసి భోజనం మెస్ నడుపుతారు. వంట ఆయనది, వడ్డన, మాట ఆవిడవి. పెళ్ళయ్యాక మెస్‌కు తాళం వేసి ఊరు దాటడం ఇదే మొదలట. ఆవిడ ప్రతిదీ కొంచెం తుంచి, నాలుక మీద తిప్పి, ఇందులో ఏమేం పడ్డాయో పైకే లెక్కపెట్టేది. ఆయన మాత్రం ముద్ద నోట్లో పడీ పడకముందే "అద్భుతం" అనేవారు. మొదటి రోజు వెన్న దోసె అద్భుతం, చాయ్ అద్భుతం, ఖుబానీ మిఠాయి మహాద్భుతం. నాకు ఆయన మీద అభిమానం పుట్టింది. అతిథి అంటే అలా ఉండాలి.

ఆ మరునాడు శుక్రవారం. రత్నం గారు శుక్రవారం మాంసం తినదని, ఒక రోజు మకాం పెంచి నహారీ శనివారానికి పెట్టుకున్నాం. పొద్దున రత్నం గారు ఆండాళమ్మతో గుడికి వెళ్ళింది. వెళ్తూ ఆండాళమ్మ రెండు డబ్బాలు వంటింటి గట్టు మీద పెట్టింది. ఒకటి అతిథులకు. రెండోది బీపీ ఉన్న సార్‌కు ఉప్పు వేయకుండా చేసిన చప్పిడి ఉప్మా. రెండూ ఒకేలాంటి స్టీలు డబ్బాలు. నేను చేతికందింది తీసుకుని మెట్లెక్కాను. సూర్యారావు గారు డబ్బా గీకి తిన్నారు. "ఉప్పు, అల్లం తూచినట్టు పడ్డాయమ్మా. మా మెస్సులో కూడా ఇట్టా కుదరదు" అన్నారు. నేను కిందికి దిగేసరికి సార్ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయి ఉన్నారు.

"ఇది నాది గాదు. దీంట్ల ఉప్పుంది."

డబ్బాలు మారాయని అర్థమై నేను పకపకా నవ్వాను. పైన ఆయన ఏమన్నాడో అభినయించి మరీ చెప్పాను. సార్ నవ్వలేదు.

"అంత తిన్నడా?"

"గీకి తిన్నడు సార్."

ఆయన చెంచా కింద పెట్టేశారు. "వంట జేసెటోనికి ఉప్పు తెలుస్తలేదు బిడ్డా. ఇది నవ్వే ముచ్చట గాదు" అన్నారు. అప్పటికి గానీ నాకు వెలగలేదు.

ఆ సాయంత్రం రత్నం గారిని గాజుల దుకాణంలో కూర్చోబెట్టి, సార్ ఆయన్ని పక్కనే ఉన్న ఇరానీ హోటల్‌కు తీసుకెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోయించి, నాకొకటి వేరే చెప్పి, చుట్టూ తిప్పకుండా సూటిగా అన్నారు. "అన్నా, పొద్దుగాల మీరు తిన్న డబ్బా నాది. నాకు బీపీ. దాంట్ల ఉప్పు లేదు."

సూర్యారావు గారి కప్పు పెదాల దగ్గరే ఆగింది. ఆయన అడిగిన మొదటి మాట, "మా రత్నానికి చెప్పారా?"

"లేదు."

"చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను. నాలుగు నెలలైందండి. జొరం వచ్చి తగ్గింది. పోతా పోతా రుచీ వాసనా పట్టుకుపోయింది. చేతి లెక్కతో వండుతున్నా. జనం తగ్గుతున్నారు. బియ్యం మంచివి రావట్లేదని ఆవిడతో బొంకాను. నలుగురూ మెచ్చుకునే వంట ఇక్కడ తింటే నాలిక తిరిగొస్తుందేమోనని వచ్చా. తెలిస్తే ఆవిడ మెస్సు మూసేద్దామంటుంది. నాకు వంట తప్ప ఇంకోటి చేతకాదండి."

సార్ తన కప్పు ఖాళీ చేసి పక్కన పెట్టారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "నేను ఎన్నేండ్ల నుంచో మందికి నహారీ తినిపిస్తున్న. ఒక్క చుక్క ముట్టలే. తెల్వదని చెప్త, తినెటోళ్లను అడుగుత. గంతే. మీ ఇంట్ల గంత మంచి నాలుక పెట్టుకొని, మీకు ఫికర్ ఏంది?"

"అడిగితే తెలిసిపోద్ది కదండీ!"

"తెలవనియ్యిరి. కానీ అది మీ ఇంటి మాట. నేనైతే చెప్ప."

నేను నా కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. సార్ నన్ను ఉద్దేశించి ఒక్క మాటా అనలేదు. అయినా ఆ మాటలు నాకే తగిలాయి.

శనివారం ఐదున్నరకు నహారీ హోటల్లో నలుగురం కూర్చున్నాం. గిన్నెలు వచ్చాయి. భార్యాభర్తలిద్దరూ ఎదురెదురుగా తింటున్నారు. ఆయన అప్పుడే రెండు అద్భుతాలు అనేశారు. నాకు నోరు ఊరుకోక, సార్ పక్కనే ఉన్నారన్నది కూడా మరిచిపోయి, పాఠం మొదలుపెట్టాను. వెన్నలా కరగడం దాకా వచ్చాను. రత్నం గారు కుల్చా సగం తుంచి, తన గిన్నె నా ముందుకు జరిపింది. "ఇంత ఇష్టమున్నదానివి బిస్కెట్లు నములుతావేంటమ్మాయ్? రా, నాతో తిను."

"వద్దండీ."

"ఈ పూట తినవా?"

సార్ నా వైపు చూశారు. కోపంగా కాదు. అతిథులు తింటూ చెప్పేటప్పుడు ఎలా వినేవారో అలాగే, జవాబు కోసం చూశారు.

"ఎప్పుడూ తినలేదండీ" అన్నాను.

ఆవిడ ఫక్కున నవ్వింది. "మరి ఇంతసేపూ ఎవరి నోటితో చెప్పావమ్మా?" ఎగతాళి లేదు అందులో. అయినా నాకు తల కొట్టేసినట్టయింది. ఆ టేబులు దగ్గరి నుంచి లేచి పారిపోవాలనిపించింది. అప్పుడు సూర్యారావు గారు చెంచా పక్కన పెట్టి అన్నారు. "ఆ పిల్లను అనబాక రత్నం. నేనూ అంతే." నాలుగు నెలల సంగతీ నాలుగు మాటల్లో చెప్పేశారు.

ఆవిడ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. "మొన్న ఇంట్లో నేను చేసిన గోంగూరలో ఉప్పు వేయడం మర్చిపోయాను. అయినా మీరు బావుందని లొట్టలేశారు" అంది. "నేను అనుమానపడలా. నా మీద ప్రేమ అనుకున్నా."

లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను వెంట వెళ్ళబోతే సార్ "కూసో" అన్నారు. అద్దంలోంచి ఆవిడ కనిపిస్తూనే ఉంది. రోడ్డు మీద ఆటోలను చూస్తూ, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. మా ముందు గిన్నెల్లో కొవ్వు తెట్టు కట్టింది. సూర్యారావు గారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నారు. నా జీవితంలో అంత పొడుగు పావుగంట ఇంకొకటి లేదు.

రత్నం గారు తిరిగొచ్చి, ఎదురుగా కాక ఆయన పక్కన కూర్చుంది. "వేడిది ఒకటి తెప్పించమ్మా" అని నాతో చెప్పింది. వచ్చాక తాను ఒక చెంచా తాగి, మెల్లగా, కొట్లో సరుకు చెప్పినట్టు చెప్పింది. "ఉప్పు ముందు తగుల్తోంది. కారం ఆగి వస్తోంది. లోపలెక్కడో పూల వాసనుంది, అదేంటో నాకూ తెలీదు. ఇప్పుడు తాగండి." ఆయన తాగారు.

"జిగురు తెలుస్తోంది" అన్నారు. "వేడి తెలుస్తోంది."

"సరే. వంట మీరే చెయ్యండి. ఉప్పు నేను చూస్తా. ఇంకోసారి అద్భుతం అన్నారంటే మాత్రం ఊరుకోను."

ఆయన ఆ తర్వాత ఊరెళ్ళేదాకా దేన్నీ మెచ్చుకోలేదు. మెస్ నడుస్తూనే ఉందని తర్వాత ఎప్పుడో ఫోను చేశారు. నాలుక తిరిగొచ్చిందో లేదో చెప్పలేదు, మేమూ అడగలేదు.

వాళ్ళను బస్సెక్కించి వస్తుండగా ఆటోలో అడిగాను. "సార్, రేపటి సంది నన్ను రావొద్దంటరా?"

"రేపు వచ్చెటోళ్లకు ఏం చెప్తవ్?"

"నేను తినలేదని చెప్త."

"గట్లయితే రా."

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన దగ్గరే పని చేశాను. ఆయన నన్ను మెచ్చుకున్నట్టు గుర్తులేదు, ఆ రోజు సంగతి ఎత్తి పొడిచిందీ లేదు. తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. మింగితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ముక్కులోంచి గొట్టం వేశారు. ఊరందరికీ తినిపించిన మనిషికి తెల్లటి పిండి నీళ్ళు గొట్టంలోంచి పోస్తుంటే చూడడం నా వల్ల అయ్యేది కాదు. అయినా రోజూ సాయంత్రం వెళ్ళేదాన్ని. మాట ముద్దగా వచ్చేది. రోజూ అదే ప్రశ్న. "ఇయ్యాల ఏం తిన్నవ్?"

ఒకరోజు బహదూర్‌పురాలో పని చూసుకుని వస్తూ, జూ దగ్గర బండి మీద మిర్చి బజ్జీలు తిన్నానని చెప్పాను.

"ఎట్లున్నయ్?"

"బాగున్నయ్ సార్" అన్నాను. రోగి దగ్గర ఇంకేమంటాం!

ఆయన కళ్ళు నా మీది నుంచి తియ్యలేదు. నేను కాసేపు గొట్టం వైపు, మందుల సీసాల వైపు చూశాను. చివరికి చెప్పాను. "లోపల పిండి పచ్చిగనే ఉంది సార్. నూనె పాతది. ఇప్పటిదాక గొంతుల మండుతనే ఉంది."

"ఎన్ని తిన్నవ్?"

"నాలుగు."

"గంత చెడ్డగుంటె నాలుగెందుకు తిన్నవ్?"

"ఆకలైంది సార్."

ఆయన నవ్వారు. ముఖం ఒకవైపే నవ్వింది, రెండో వైపు కదల్లేదు. నేనూ నవ్వాను, ఏడుపు కూడా వచ్చింది. మరుసటి వారం ఆయన పోయారు. ఇవాళ్టికీ ఏది తిన్నా, సాయంత్రానికి ఒకరు అడుగుతారన్నట్టు, నిజంగా ఎట్లుందో మనసులో సరిచూసుకుని పెట్టుకుంటాను. సాయంత్రం అవుతుంది. అడిగేవాళ్ళు ఉండరు.