మేక మేయని మల్లె

పెళ్ళయిన కొత్తలో ఆడపిల్లకి పుట్టింటి గొప్పలు ఎంత చెప్పుకున్నా తనివి తీరదు. ఆ రోజుల్లో నేనూ అంతే. మాది మైలవరం వైపు మల్లెతోటల ఊరు. నాన్న ఇచ్చిన మల్లె అంటుని గుణదలలో అత్తవారింటి పెరట్లో నాటాను. రెండేళ్ళయినా ఒక్క మొగ్గ వెయ్యలేదు. "ఈ వేసవికీ పూయకపోతే పీకించేసి అక్కడ గులాబీ పెట్టిస్తానమ్మాయ్" అనేసింది అత్తయ్య. గులాబీలంటే ఆవిడకి ప్రాణం. నాకేమో మా ఊరి పరువంతా పోతున్నట్టు ఏడుపొచ్చింది.

"చలి వెళ్ళేలోగా నీళ్ళు మాన్పించి, ఆకంతా దూసెయ్యాలే, అప్పుడే మొగ్గ తొడుగుతుంది. మన తోటలోకి గొర్రెల్ని తోలతాం గదా, మర్చిపోయావా?" అన్నాడు నాన్న ఫోన్లో. ఒక్క మొక్కకి చేత్తో దూస్తే గంట పని. (కానీ అందులో గొప్పేముంది?) నీళ్ళు మానేసి రెండు వారాలు ఎండగట్టాను. ఆ తర్వాత ఓ రోజు అత్తయ్య బజారుకి వెళ్ళగానే పక్కింటి భాయ్ గారి మేకని అడిగి తెచ్చి మల్లె దగ్గర వదిలాను. అటు తిరిగి నాన్నకి ఫోన్ చేసి, "మేసేస్తోంది నాన్నా, భలే మేస్తోంది!" అని ఒకటే సంబరం. తీరా ఇటు తిరిగి చూద్దును కదా, ఆ మహాతల్లి మల్లె జోలికే పోలేదు. అత్తయ్య గులాబీలు ఆరు కొరికేసి ఏడో దాని మీద ఉంది!

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మేకని ఈడ్చుకెళ్ళి అప్పగించి వచ్చి, మల్లె ఆకుని రెండు చేతులా పరపరా దూసి గోనెసంచిలో కుక్కేశాను. వచ్చిన పనైనా మేక చేసిందనిపించాలి కదా! అంతలో గేటు చప్పుడు.

"ఇదేంటే, మల్లెకి గుండు కొట్టించావ్?"

"మా వైపు ఇలాగే మేపిస్తాం అత్తయ్యా" అన్నాను, చేతులు వెనక్కి పెట్టుకుని.

"గులాబీలు కూడానా?"

వారం పాటు కొరికిన కొమ్మలన్నీ నాకు చూపిస్తూనే ఉంది ఆవిడ. కానీ ఆ వేసవి మల్లె విరగబూసింది. కొరికిన గులాబీలు కూడా గుబురుగా చిగిర్చి పూశాయి. అప్పట్నుంచి ఏటా చలి చివర అత్తయ్య గులాబీలకి పాత చీరలు చుట్టి, "మేకని తెచ్చుకో" అని బజారుకి వెళ్ళిపోయేది. ఆ మేకా, దాని పిల్లలూ, మనవలూ ఒక్కటంటే ఒక్కటి మల్లె ముట్టలేదు. దొంగచాటుగా దూసింది ఏటా నేనే.

మొన్న మళ్ళీ మేక కోసం బయల్దేరుతుంటే అత్తయ్య కుర్చీలోంచే నవ్వింది. "పాపం, దాన్నెందుకే తిప్పుతావు? మొదటి ఏడే చూశాను, నీ గోళ్ళ నిండా ఆకు పసరు."

"పన్నెండేళ్ళు చెప్పలేదేం అత్తయ్యా?"

"చెబితే ఏటా ఎవరు దూస్తారే?"

నవ్వలేక చచ్చాను. గోళ్ళు దాచుకుని నిలబడ్డ ఆ కొత్తకోడలు గుర్తొచ్చి, కాస్త ముద్దొచ్చింది కూడా. ఈసారి తీరిగ్గా, ఆవిడ ఎదుటే కూర్చుని దూశాను.